పట్టాలు రాని ఊళ్లో రైలు పెట్టెలు

ఘనా ఉత్తర భాగంలో పెద్ద పట్నం తమాలే. రాజధాని ఆక్రా నుంచి రోడ్డు మీద సుమారు 600 కిలోమీటర్లు. ఈ ఊరికి రైలు మార్గం ఏనాడూ లేదు. అయినా ఊరి శివార్లలో, ఎర్రమట్టి నేల మీద, పాత రైలు పెట్టెలు కనిపిస్తాయి. ఆ దగ్గర్లోనే రెక్కలు చాచి నిలబడిపోయిన పాత విమానాలు. వాటిలోకి బడిపిల్లలు ఎక్కి కూర్చుని పాఠాలు నేర్చుకుంటారు. ఇటుక గోడల ఈ విశాల ప్రాంగణం పేరు రెడ్ క్లే. 1987లో తమాలేలోనే పుట్టిన కళాకారుడు ఇబ్రహీం మహామా, తన కళ తెచ్చిన డబ్బుతో దీన్ని కట్టించారు.

ఆ పెట్టెల వెనక పెద్ద కథే ఉంది. బ్రిటిష్ వాళ్లు ఈ దేశాన్ని గోల్డ్ కోస్ట్ పేరుతో ఏలిన రోజుల్లో, 1898లో సెకొండి రేవు దగ్గర రైలు మార్గం పనులు మొదలయ్యాయి. 1903కి అది కుమాసి చేరింది. గనుల బంగారం, అడవుల కలప, తోటల కోకో ఓడల దాకా చేరడానికి వేసిన దారి అది. ఉత్తరాదికి పట్టాలు రాలేదు. అక్కడి మగవాళ్లు మాత్రం దక్షిణాది గనులకూ తోటలకూ కూలికి తరలిపోయారు. 1957లో స్వాతంత్ర్యం వచ్చాక కొన్ని దశాబ్దాలకు ఆ రైళ్లూ మూలపడ్డాయి. తమ ఊరి చెమట తాగిన ఆ పెట్టెల్ని మహామా కొని, రోడ్డు మార్గాన ఉత్తరానికి రప్పించారు. రైల్వే పాత సీట్లను చట్టసభలా పేర్చి 2019లో మాంచెస్టర్‌లోని విట్‌వర్త్ గ్యాలరీలో ప్రదర్శించారు. ఆ సభకు ఇటుకలతో కట్టిన శాశ్వత రూపం రెడ్ క్లేలో ఉంది. ఎవరైనా వెళ్లి దాని మెట్ల మీద కూర్చోవచ్చు.

ఆయనకు పేరు తెచ్చినవి మనకు బాగా తెలిసిన గోనెసంచులే. దక్షిణాసియా మిల్లుల్లో నేసిన సంచి ఘనా చేరి మొదట కోకో గింజలు మోస్తుంది. తర్వాత బియ్యం, మొక్కజొన్న, చివరికి బొగ్గు. చిరిగి, మాసి, అతుకులు పడిన ఆ సంచుల్నే ఆయన కోరి తీసుకుంటారు. పదిమందితో కలిసి కుట్టించి భవనాలకు కప్పుతారు. 2015లో వెనిస్ బినాలే కళా ప్రదర్శనకు వచ్చినవాళ్లు అలాంటి గోనె గోడల మధ్య నుంచే నడిచారు.

నాకు అన్నిటికన్నా గొప్పగా తోచింది మాత్రం బటకారి. సన్నని చేనేత పట్టీల్ని పక్కపక్కన కుట్టి చేసే ఈ వదులు అంగీ ఉత్తరాది వాళ్ల ఉడుపు. స్వాతంత్ర్యం ప్రకటించిన రాత్రి దేశ నాయకుడు న్‌క్రుమా తొడుక్కున్నదీ ఇదే. 2024లో లండన్‌లోని బార్బికన్ భవనానికి మహామా సుమారు 2,000 చదరపు మీటర్ల ఊదా, గులాబీ రంగుల గుడ్డ కప్పారు. దాన్ని నేసి కుట్టింది తమాలే ప్రాంతపు చేతులు, వందల చేతులు. అంత గుడ్డ పరిచే చోటు లేక ఊరి ఫుట్‌బాల్ స్టేడియంలో పరిచి కుట్టారు. ఇళ్లలో తరాలుగా దాచుకున్న పాత బటకారీలను దాని మీద కుట్టారు.

ఆక్రా నుంచి తమాలేకు విమానంలో గంట ప్రయాణం. రెడ్ క్లేకు ప్రవేశ రుసుము లేదు. వెళ్లినవాళ్లు న్‌క్రుమా వోలినీ కూడా చూడాలి. 1960లలో ధాన్యం నిల్వకని మొదలుపెట్టి వదిలేసిన కాంక్రీటు గాదె అది. మహామా దాన్ని కొని 2021లో జనానికి తెరిచారు. అప్పటికే అందులో కాపురమున్న గబ్బిలాలను ఆయన వెళ్లగొట్టలేదు.