డెల్టా నుంచి యూరప్‌కు: రైలు యాత్ర ఖర్చు లెక్క

తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణాలలో పెరిగినవారి దృష్టిలో రైలు ఛార్జీ అంటే దూరాన్ని బట్టి తేలే మొత్తం. హౌరా–చెన్నై ప్రధాన మార్గంపై ఉన్న తెనాలి జంక్షను నుంచి 1916లో వేసిన శాఖా మార్గం వేమూరు, భట్టిప్రోలు మీదుగా సుమారు 34 కిలోమీటర్లు సాగి రేపల్లెతో ముగుస్తుంది. బాపట్ల ప్రధాన మార్గంపైనే, తెనాలికి దక్షిణాన ఉంది. ఈ మార్గాలలో సాధారణ టికెట్టును వారాల ముందు రిజర్వు చేయించుకున్నా, చార్టు సిద్ధమయ్యే ముందు కొన్నా ఒకే తరగతికి ఒకే ధర పడుతుంది. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకు పడే రేటు తగ్గుతూ పోతుంది, దీనినే రైల్వేవారు టెలిస్కోపిక్ ఛార్జీ అంటారు. తత్కాల్ టికెట్లు, 2016 నుంచి రాజధాని, శతాబ్ది, దురంతో రైళ్ళలో అమలవుతున్న ఫ్లెక్సీ ఛార్జీ ఈ సూత్రానికి మినహాయింపులే తప్ప సూత్రాన్ని మార్చలేదు. యూరప్‌లోని దూరప్రయాణపు రైళ్ళలో మాత్రం మినహాయింపే సూత్రంగా మారింది: అక్కడి వేగవంతమైన రైళ్ళ టికెట్టు విమానం టికెట్టులాగా రెండు మూడు నెలల ముందు చవకగా దొరికి, ప్రయాణపు రోజు దగ్గర పడేకొద్దీ రెండింతలు, మూడింతలు కావచ్చు. వీపున మోయగలిగిన ఒక్క సంచితో, చవక వసతులలో దిగుతూ, ఊరి నుంచి ఊరికి రైలులో సాగే బ్యాక్‌ప్యాకింగ్ యాత్రకు బడ్జెట్టు వేసేవారు ముందుగా అర్థం చేసుకోవలసింది ఈ తేడానే.

ఈ తేడా నుంచి పుట్టిన సదుపాయం రైల్ పాస్. యూరప్ బయట నివసించేవారి కోసం 1959లో యూరైల్ పాస్, యూరప్ నివాసుల కోసం 1972లో ఇంటర్‌రైల్ పాస్ మొదలయ్యాయి. భారతీయులకు వర్తించేది మొదటిది. ప్రస్తుతం ఇది 33 దేశాలలో చెల్లుతుంది. తెనాలి నుంచి విజయవాడకో గుంటూరుకో రోజూ వెళ్ళివచ్చే ఉద్యోగుల సీజన్ టికెట్టు వంటిదే ఇదీనని మొదటి చూపుకు తోస్తుంది గాని, రెండు విషయాలలో వేరు. నిర్ణీత కాలంలో ప్రతిరోజూ చెల్లే పాసులతో పాటు, ఒక నెలలో ఏవైనా 4, 5 లేదా 7 రోజులు, రెండు నెలలలో 10 లేదా 15 రోజులు చెల్లే పాసులున్నాయి; ఈ రెండో రకంలో ‘ప్రయాణ దినం’ అనే కొలత ఉంటుంది. అర్ధరాత్రి నుంచి మరుసటి అర్ధరాత్రి వరకు ఒక ప్రయాణ దినం. ఆ వ్యవధిలో ఎన్ని రైళ్ళు మారినా ఒక దినమే ఖర్చవుతుంది, రాత్రి బయలుదేరి తెల్లవారి చేరే రైలులో బయలుదేరిన రోజు మాత్రమే లెక్కకు వస్తుంది. రెండో తేడా మరింత ముఖ్యమైనది: పాస్ ఉన్నంత మాత్రాన ప్రతి రైలులోనూ సీటు రాదు. ఫ్రాన్సులోని టీజీవీ, ఇటలీ, స్పెయిన్‌లలోని వేగవంతమైన రైళ్ళు, సముద్రం కింది సొరంగం గుండా లండన్ వెళ్ళే యూరోస్టార్ వంటి వాటికి పాస్‌పై అదనంగా రిజర్వేషన్ రుసుము చెల్లించాలి. అది కొన్నిచోట్ల పది యూరోలు, యూరోస్టార్‌లో ముప్పై దాటుతుంది. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, నెదర్లాండ్స్ దేశాలలోని అంతర్గత రైళ్ళలో అధిక భాగానికి ఈ బాదరబందీ లేదు.

ఏడు ప్రయాణ దినాల పెద్దల పాస్ రెండో తరగతికి ఇటీవలి ధరల ప్రకారం సుమారు 380 యూరోలు. 27 ఏళ్ళు దాటనివారికి పావు వంతు దాకా, 60 నిండినవారికి పదో వంతు తగ్గుతుంది. లెక్క సులువు కోసం యూరోను వంద రూపాయలుగా తీసుకుంటే, ఒక్కొక్క ప్రయాణ దినానికి దాదాపు 54 యూరోలు, అంటే 5,400 రూపాయలు పడుతున్నట్టు. కాబట్టి ఏ రోజు విడి టికెట్టు 54 యూరోల కన్న తక్కువకు దొరుకుతుందో ఆ రోజుకు పాస్ దండగ. ప్రాగ్ నుంచి వియన్నాకు నాలుగు గంటలు, వియన్నా నుంచి బ్రాటిస్లావాకు గంట, బుడాపెస్టుకు మూడు గంటల లోపు. ఈ మధ్య యూరప్ నగరాల మధ్య ముందుగా కొన్న టికెట్లు ఆ గీటుకు ఎంతో దిగువన ఉంటాయి. ఆమ్‌స్టర్‌డామ్–బెర్లిన్, జూరిచ్–మిలాన్ వంటి పశ్చిమ యూరప్ మార్గాలలో, చివరి నిమిషంలో కొనేవారికి మాత్రమే పాస్ నిజంగా లాభిస్తుంది.

పాస్ అమ్మేది నిజానికి ప్రయాణాన్ని కాదు, మనసు మార్చుకునే స్వేచ్ఛను. అమెరికా, ఆస్ట్రేలియాల నుంచి వచ్చే యాత్రికునికి వీసా అక్కరలేదు కనుక, పొద్దున్నే లేచి ఏ ఊరికి పోవాలో నిర్ణయించుకోవచ్చు, ఆ వెసులుబాటుకు కొంత ఎక్కువ చెల్లించినా అర్థముంది. భారతీయ యాత్రికుని పరిస్థితి వేరు. 29 దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంజెన్ వీసా కోసం దరఖాస్తు చేసేటప్పుడే ఏ రాత్రి ఏ ఊరిలో బస చేసేదీ, ఎప్పుడు తిరిగి వచ్చేదీ, ఖర్చులకు బ్యాంకులో ఎంత ఉన్నదీ ఆధారాలతో చూపాలి. అంటే తెనాలి యాత్రికుడు ఆ స్వేచ్ఛను వీసా కౌంటరు దగ్గరే వదులుకుని బయలుదేరుతున్నాడు. తేదీలు ఎలాగూ ఖరారైనప్పుడు, వాటికి తగిన చవక టికెట్లను ముందుగా కొనుక్కోవడం అతనికి లాభసాటి. యూరప్ యాత్ర గురించి ఇంగ్లీషులో వెలువడే సలహాలు ఈ తేడాను గుర్తించకుండా పాస్‌తోనే బడ్జెట్టు మొదలుపెడతాయి. తెలుగు యాత్రికుడు దానిని అలాగే అనుసరించడం పొరపాటు.

మరి లెక్క ఎక్కడ మొదలుపెట్టాలి? ఎన్ని రోజులు తిరిగినా మారని ఖర్చు, రోజుకింత చొప్పున పెరిగే ఖర్చు అని రెండుగా విడదీసుకుంటే చిత్రం తేటపడుతుంది. మొదటి పద్దులో విమానం టికెట్టు, వీసా, బీమా, హైదరాబాదు రాకపోకలు ఉంటాయి. రేపల్లె నుంచి తెనాలి, గుంటూరు మీదుగా హైదరాబాదు వైపు పోయే డెల్టా ఎక్స్‌ప్రెస్ ఉండడం వల్ల శంషాబాదు విమానాశ్రయానికి చేరే ఖర్చు పెద్దది కాదు. షెంజెన్ వీసా రుసుము 2024 జూన్ నుంచి పెద్దలకు 90 యూరోలు. దరఖాస్తులు స్వీకరించే సంస్థ సేవా రుసుము దీనికి అదనం. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకు వర్తించే ప్రయాణ బీమా తప్పనిసరి. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు, పదిహేను రోజుల ముందైనా అందాలి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో గడుపుతారో ఆ దేశపు కార్యాలయానికే ఇవ్వాలి. బ్రిటన్ షెంజెన్ ఒప్పందంలో లేదు. పాస్ అక్కడ చెల్లినా వీసా చెల్లదు కనుక, ప్యారిస్ దాకా వెళ్ళాం గదా అని లండన్‌ను కలుపుకుంటే మరో వీసా రుసుము మీద పడుతుంది.

మూడు వారాల యాత్రకు ఒక అంచనా వేసి చూద్దాం. విమానం 65 వేలు, వీసా సేవా రుసుముతో కలిపి 12 వేలు, బీమా 3 వేలు, హైదరాబాదు రాకపోకలు 2 వేలు: మొత్తం 82 వేలు. ఈ మొత్తాన్ని పది రోజులకు పంచితే రోజుకు 8,200, ఇరవై ఒక్క రోజులకు పంచితే దాదాపు 3,900 మాత్రమే. ఇంత దూరం వెళ్ళి వారం పది రోజులలో తిరిగి రావడం అన్నిటికన్న ఖరీదైన పద్ధతి అనడానికి కారణమిదే. దీనికి రైలు పద్దు కింద, పాస్ కొన్నా సరే అనుకుని, 38 వేలు, రిజర్వేషన్లకు 6 వేలు కలిపితే 1,26,000 అవుతుంది. ఇక రోజువారీ పద్దు: మంచానికి 30 యూరోలు, తిండికి 18, ఊళ్ళో బస్సు, మెట్రోలకు 7, మ్యూజియం వంటి ప్రవేశ రుసుములకు 10, చిల్లర ఖర్చులకు 5, వెరసి 70 యూరోలు. రాకపోకలకు ఒక రోజు పోను మిగిలిన ఇరవై రోజులకు ఇది 1,400 యూరోలు, అనగా 1,40,000 రూపాయలు. రెండు పద్దులూ కలిసి 2,66,000. అందులో పదో వంతు అత్యవసరాలకు చేర్చితే సుమారు 2,93,000. ఈ అంకెలు సీజనును బట్టి అటూ ఇటూ కావచ్చు గాని, రైలు ఖర్చు మొత్తంలో ఆరో వంతును మించదనేది గమనించదగినది. పాస్ ధరను చూసి గుండె పట్టుకునేవారు రోజుకు 30 యూరోల మంచం గురించి ఆలోచించకపోవడం వింతే.

ఆ మంచం ఉండేది హాస్టల్‌లో. అపరిచితులతో కలిసి నాలుగు నుంచి పన్నెండు మంది దాకా పడుకునే గదిలో ఒక్క మంచాన్ని అద్దెకిచ్చే ఈ వసతిని డార్మిటరీ అంటారు. దీని మూలాలు రిచర్డ్ షిర్‌మన్ అనే జర్మన్ బడి పంతులు, పిల్లలను కాలినడక యాత్రలకు తీసుకుపోయేటప్పుడు రాత్రి తలదాచుకునే చోటు కోసం చేసిన ప్రయత్నంలో ఉన్నాయి. అతని ప్రయత్నం ఫలించి 1912లో ఆల్టెనా కోటలో మొదటి శాశ్వత యూత్ హాస్టల్ వెలిసింది. నేడు ప్యారిస్, ఆమ్‌స్టర్‌డామ్, స్విట్జర్లాండ్ నగరాలలో ఇటువంటి మంచం వేసవిలో 50 యూరోలు దాటవచ్చు, హంగరీ, పోలండ్, రొమేనియాలలో 15–20కే దొరకవచ్చు. కనుక అదే 70 యూరోల సగటు నిలవాలంటే ఖరీదైన దేశంలో గడిపే ప్రతి రాత్రికీ చవక దేశంలో కనీసం ఒక రాత్రిని జత చేయాలి. ఆంధ్రా ప్యారిస్ అని పేరుపడిన తెనాలి వాసి అసలు ప్యారిస్‌లో మూడు రాత్రులు ఉండదలిస్తే బుడాపెస్టులోనూ కనీసం అన్ని రాత్రులు ఉండక తప్పదన్నమాట. నైట్‌జెట్ పేరుతో ఆస్ట్రియా రైల్వే నడిపే రాత్రి రైళ్ళు హాస్టల్ ఖర్చును ఆదా చేస్తాయనే మాట అర్ధసత్యం: కూర్చునే సీటైతే ఆదాయే గాని నిద్ర ఉండదు, నలుగురు లేదా ఆరుగురు పడుకునే గదిలోని కూషెట్ బెర్తుకు పాస్ ఉన్నవారు కూడా చెల్లించే రుసుము హాస్టల్ మంచానికి దాదాపు సమానమవుతుంది.

తిండి విషయంలో డెల్టా ఇళ్ళ అలవాటు కొంత మేలు చేస్తుంది. చాలా హాస్టళ్ళలో వంటగది ఉంటుంది. సూపర్ మార్కెట్టులో బియ్యం, గుడ్లు, కూరగాయలు కొని వండుకుంటే హోటలు భోజనంలో మూడో వంతుకు కడుపు నిండుతుంది. ఆవకాయ, కందిపొడి సంచిలో పెట్టుకోవచ్చు, నెయ్యిని మాత్రం పెట్టకూడదు: బయటి దేశాల నుంచి యాత్రికులు పాల పదార్థాలను, మాంసాన్ని తేవడాన్ని యూరోపియన్ యూనియన్ నిషేధించింది. పచ్చి కరివేపాకు వంటి తాజా ఆకులకు మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం కావాలి. కుళాయి నీరు చాలా నగరాలలో తాగదగినదే గనుక సీసా వెంట ఉంటే రోజుకు రెండు మూడు యూరోలు మిగులుతాయి. స్టేషన్లలో మరుగుదొడ్డికి యూరో దాకా, సంచి దాచుకునే లాకరుకు నాలుగైదు యూరోల పైన అవుతుందని ముందే పద్దులో రాసుకోవడం మంచిది.

డబ్బు చెల్లింపులో పోయే డబ్బు కంటికి కనిపించదు. భారతీయ క్రెడిట్ కార్డులలో చాలావాటికి విదేశీ చెల్లింపుపై మూడు, మూడున్నర శాతం రుసుము ఉంటుంది. లక్షన్నర ఖర్చుపై ఇది అయిదు వేలకు చేరుతుంది. అందుకే ముందుగా యూరోలు నింపుకునే ఫారెక్స్ కార్డు ఉపయోగపడుతుంది. దుకాణంలోని యంత్రం రూపాయలలో చెల్లిస్తారా, యూరోలలోనా అని అడిగితే యూరోలనే ఎంచుకోవాలి, రూపాయల మారకపు రేటులో వారి లాభం కలిసి ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో ఐఫిల్ టవర్ టికెట్లకు యూపీఐ వచ్చిందిగాని, దానిని నమ్ముకుని బయలుదేరే స్థితి ఇంకా లేదు.

కొన్ని దేశాల స్థానిక సదుపాయాలు పాస్‌ను మరింత వెనక్కు నెడతాయి. లక్సెంబర్గ్‌లో 2020 నుంచి రెండో తరగతి రైళ్ళు, బస్సులు అందరికీ ఉచితం. జర్మనీలో 2023 మేలో నెలకు 49 యూరోలతో మొదలై 2025లో 58కి పెరిగిన డాయిచ్‌లాండ్ టికెట్ దేశమంతటా ప్రాంతీయ రైళ్ళలో, నగర బస్సులలో చెల్లుతుంది, వేగవంతమైన ఐసీఈ రైళ్ళలో మాత్రం చెల్లదు.

కాలం ఎంపికలో ఈ ప్రాంతానికి ఒక సహజమైన అనుకూలత ఉంది. యూరప్‌లో ధరలు జూన్ నడుమ నుంచి ఆగస్టు చివరి దాకా పతాకస్థాయిలో ఉంటాయి. అవే నెలలలో కృష్ణా డెల్టాలో నారుమళ్ళు, నాట్ల పనులు. పంట డబ్బు చేతికి వచ్చి, కళాశాలలకు సెలవులుండే ఏప్రిల్–మే నెలలలో, ఈస్టర్ వారాన్ని తప్పిస్తే, అక్కడి వసతి వేసవి కన్న చవక, చలి కూడా భరించదగినది. బాపట్ల వ్యవసాయ, ఇంజనీరింగ్ కళాశాలల విద్యార్థులకు 27 ఏళ్ళ లోపు రాయితీ కూడా కలిసి వస్తుంది.

అంత డబ్బు పెట్టే ముందు పద్ధతిని చవకగా సాధన చేయదలచినవారికి భారతీయ రైల్వేలోనే ఒక మార్గముంది. విదేశీ యాత్రికుల కోసం ఉన్న ఇండ్‌రైల్ పాస్‌ను 2017లో ఎత్తివేశారు గాని, సర్క్యులర్ జర్నీ టికెట్ మిగిలే ఉంది. బయలుదేరిన స్టేషనుకే తిరిగివచ్చే చుట్టు ప్రయాణానికి ఇచ్చే ఈ టికెట్టుపై ఎనిమిది చోట్ల ఆగవచ్చు; మొత్తం దూరాన్ని రెండు సగాలుగా చేసి, ఒక్కొక్క సగానికి టెలిస్కోపిక్ ఛార్జీ వేస్తారు కనుక విడివిడి టికెట్ల కన్న చాలా తగ్గుతుంది. తెనాలి నుంచి కాశీ, ఢిల్లీ, ముంబయి చుట్టి రావడానికి ప్రయాణ పట్టికతో దరఖాస్తు చేసుకుని, ప్రతి రైలుకూ రిజర్వేషన్ విడిగా చేయించుకోవాలి. టికెట్టు ఒకటి, సీటు మరొకటి అనే యూరైల్ సూత్రం ఇక్కడే ఒంటబడుతుంది.

యూరప్‌కే బయలుదేరేవారు ఖర్చుల వరుసను మాత్రం తప్పకూడదు. పాస్‌పోర్టు, ఆపై రద్దు చేసుకోగలిగిన వసతి, విమానపు రిజర్వేషన్, ఆ కాగితాలతో వీసా దరఖాస్తు. వీసా చేతికి వచ్చాకే చవక రైలు టికెట్లు. చవక టికెట్లలో చాలావాటికి డబ్బు వాపసు రాదు కాబట్టి, పాస్‌పోర్టులో వీసా పడేవరకు అటువంటి టికెట్టు ఒక్కటి కూడా కొనవద్దు.