క్రీడాశాల నిర్మాణము: ఆలస్యమునకు మూల్యము



ఇల్లు కట్టుట యొక యేడు ఆలస్యమైనచో యజమాని మరియొక యేడు అద్దె చెల్లించుకొనును. క్రీడాశిక్షణాలయము ఆలస్యమైనచో అచట చేరవలసిన బాలునకు ఒక యేడు వయస్సు గడచిపోవును. ఆ యేటిని ఎంత ధనము వెచ్చించినను తిరిగి తేజాలము. ఈ భేదమును గ్రహించిననే క్రీడాశాలల విషయము సరిగా బోధపడును.

అమెరికాలోని బేస్‌బాల్ సంఘములు ఈ సంగతిని చక్కగా నెరుగును. కరీబియన్ సముద్రమందలి డొమినికన్ రిపబ్లిక్ అను చిన్నదేశమున ఆ యాటలో నేర్పరులగు బాలురు పెక్కురు గలరు. వారితో పదునారేండ్ల ప్రాయముననే ఒడంబడిక చేసికొని, వసతి, భోజనము, చదువు, శిక్షణ ఒకే యావరణమున సమకూర్చుటకై ఆ సంఘములు అచటనే శిక్షణాలయములను నెలకొల్పినవి. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ వారు 1987లో తెరచిన కాంపో లాస్ పాల్మాస్ అట్టిది. ఇట్టి యావరణము సకాలమున పూర్తికానిచో నష్టపడునది కంట్రాక్టరు కాదు, పదునారేండ్ల బాలుడు.

మన హైదరాబాదు నగరముననే ఇందుకు దృష్టాంతము గలదు. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ విజేతయైన పుల్లెల గోపీచంద్‌కు 2003లో ప్రభుత్వము గచ్చిబౌలిలో ఐదెకరముల భూమిని కౌలుకిచ్చినది. భూమి లభించెను గాని ధనము లభింపలేదు. ఆయన తన ఇల్లు తాకట్టు పెట్టెను. నిమ్మగడ్డ ప్రసాద్ ఐదుకోట్ల రూపాయలు విరాళమిచ్చి తోడ్పడిరి. అకాడమీ 2008లో గాని వెలయలేదు.

అయితే ఆ యేండ్లు వ్యర్థము కాలేదు. భవనము లేవకమునుపే, 2004 ప్రాంతమున, గచ్చిబౌలిలోని ప్రభుత్వ క్రీడామందిరముననే ఆయన శిక్షణ మొదలుపెట్టెను. ఆయన శిష్యురాండ్రలో సైనా నెహ్వాల్ 2012 లండన్ ఒలింపిక్సులో కంచుపతకమును, పి.వి. సింధు 2016 రియోలో రజతపతకమును గెలిచిరి. 2003లో సైనాకు పదమూడేండ్లు, సింధుకు ఎనిమిదేండ్లు. భవనము ముగిసినపిదపనే పాఠము చెప్పుదమని గురువు కూర్చుండినచో ఆ ప్రాయము తిరిగి వచ్చెడిదా?

ఇక నిర్మాణమున కాలమెచట పట్టునో చూతము. నారాయణఖేడ్‌లో ఒక బ్యాడ్మింటన్ మందిరము కట్టదలచితిమనుకొనుడు. ఈ ప్రాంతమున విస్తారముగా నున్నది నల్లరేగడి నేల. అది వానకు ఉబ్బును, వేసంగికి బీటలు వారును. కావున రేగడిని లోతుగా త్రవ్వితీసి, మొరము పోసి, పొరపొరగా దిమ్మిస చేయవలెను. వానకాలమున ఈ పని సాగదు. పిదప పైకప్పు. ఉన్నతస్థాయి పోటీలకు నేలనుండి పన్నెండు మీటర్ల యెత్తు వరకు అడ్డు లేకుండవలెను; నడుమ స్తంభములు నిలుపరాదు. కావున పొడవైన ఇనుప దూలములను వేరొకచోట సిద్ధపరచి తేవలెను. తుదకు చెక్కనేల. క్రింది కాంక్రీటు బలము పుంజుకొనుటకు ఇరువదియెనిమిది దినములు పట్టును. తడి పూర్తిగా ఆరుటకు అంతకంటె ఎక్కువ కాలమగును. ఆరకమునుపే చెక్క పరచినచో అది వంకరలు పోవును. ఆడువారి మోకాళ్లకును మడమలకును ముప్పు వాటిల్లును.

కాబట్టి ఆలస్యములు రెండు విధములు. నేలయు కాంక్రీటును కోరు కాలము న్యాయమైనది, దానిని తగ్గింపరాదు. ధనము చాలక, అనుమతులు రాక, నక్షలు మాటిమాటికి మార్చుటవలన కలుగునది అన్యాయమైనది. పునాదిరాయి వేయుటకు ముందే డబ్బును, అనుమతులును, నక్షయును స్థిరపరచుకొన్నచో ఇందు చాలభాగము తప్పును.

నారాయణఖేడ్ నుండి హైదరాబాదు నూరు కిలోమీటర్లకు పైబడిన దూరము. ప్రతిదినము పోయివచ్చుట పిల్లలకు సాధ్యము కాదు. ఇట్టి యూళ్లలో గోడలు లేచువరకు బడిమైదానమున నొక వల కట్టి, ఒక గురువును నియమించినను చాలును. మందిరమునకై మనము కొన్నియేండ్లు వేచియుండవచ్చును. పిల్లల ప్రాయము వేచియుండదు.