యోధుని కనరాని గాయము

యుద్ధము ముగిసినదని ప్రభుత్వములు ప్రకటించిన దినముననే అది సైనికుని మనస్సులో ముగియదు. చేయి పోయినవాని నష్టమును లోకమెల్ల చూచును. నిద్ర పోయినవాని బాధ ఇంటివారికి మాత్రమే తెలియును. ఈ విషయము మన నగరమునకు పరాయిది గాదు. 1941 డిసెంబరు 8న మలయాలోని కోట బారు విమానక్షేత్రమును కాపాడుచుండిన నిజాము సంస్థానపు మొదటి హైదరాబాదు పదాతిదళము జపానువారి దాడికి గురియై, తన సేనానిని కోల్పోయెను. అట్టి దినమును కన్నులార చూచినవాడు చిన్న చప్పుడునకే అదరిపడుట, పీడకలలతో లేచుట, ఆప్తులకు దూరమగుట పిరికితనము గాదు, వ్యాధి. నేటి వైద్యులు దీనిని పి.టి.ఎస్.డి. అనుచున్నారు.

వాడుకలోనున్న చికిత్సలతో ఈ వ్యాధి కొందరికి నయమగును, కొందరికి కాదు. నయముకానివారి కొఱకు పాశ్చాత్యదేశములలో ఎం.డి.ఎం.ఏ. అను మందు పరీక్షింపబడుచున్నది. 1912లో జర్మనీయందు మెర్కు కంపెనీవారు మొదట తయారుచేసిన పదార్థమిది. దీనిని రోగి చేతికిచ్చి ఇంటికి పంపరు. ముందుగా అతనితో పలుమార్లు మాటలాడి, పిమ్మట ఇద్దరు చికిత్సకుల సమక్షమున ఇచ్చి, సుమారు ఎనిమిది గంటలు కనిపెట్టుకొని యుందురు. భయము తగ్గియున్న ఆ వేళ రోగి తాను తలపనైనను జాలని ఘటనను చెప్పుకొనగలుగునని వారి యభిప్రాయము.

2018లో ప్రకటింపబడిన యొక చిన్న పరీక్షలో 26 మంది పాల్గొనగా, అందు 22 మంది మాజీ సైనికులు. 2023లో ప్రకటింపబడిన పెద్ద పరీక్షలో సైనికులును ఇతరులును గలిసి 104 మంది గలరు. మందును మాటల చికిత్సయు పొందినవారిలో నూటికి 71 మంది వ్యాధిగ్రస్తులనదగిన స్థితినుండి బయటపడిరి. మాటల చికిత్సతో ఉత్త మాత్ర పొందినవారిలో నూటికి 48 మంది. ఆస్ట్రేలియా ప్రభుత్వము 2023 జూలై 1 నుండి అధికారము పొందిన మనోవైద్యులకు దీనిని వాడుటకు అనుమతించినది. అమెరికా ఔషధశాఖ 2024 ఆగస్టులో నిరాకరించి, మరియొక పెద్ద పరీక్ష కోరినది. తాము పుచ్చుకొన్నది మందో కాదో రోగులే గ్రహింపగలరు గావున ఫలితములను ఎంతవరకు నమ్మవచ్చుననునది ముఖ్యసందేహము. ఈ మందు రక్తపుపోటును, గుండె వేగమును పెంచును గూడ. ఈ శంకలు న్యాయమైనవే.

ఆబిడ్సునుండి నాంపల్లికి నడచు మన పౌరులకు ఈ మందు పేరు వేఱురీతిగా పరిచితము. 2017 జూలైలో నాంపల్లి ఆబ్కారీ భవనమున మత్తుమందుల కేసులో సినీ ప్రముఖులను విచారించినపుడు ఈ పేరు పత్రికల నిండ నుండెను. వీథిలో దీనిని అమ్మువాడు శిక్షార్హుడే. అందు మాకు సందేహము లేదు. కాని అదే నాంపల్లి పొరుగున, రెడ్ హిల్సులోని మెహదీ నవాజ్ జంగు క్యాన్సరు వైద్యశాలలో, నల్లమందునుండి తీసిన మార్ఫిను రోగుల బాధను చల్లార్చుచున్నది. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమునకు ఈ రెండును లోబడినవే. ఆ చట్టము నిషేధించుచునే, వైద్య శాస్త్ర ప్రయోజనములకు ద్వారము తెఱచియుంచినది. అయినను లైసెన్సుల చిక్కుచే మార్ఫిను రోగులకు సులభముగా చేరనందున, 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరింపవలసివచ్చెను. నొప్పితో నున్నవారు అంతకాలము వేచియుండిరి. సైనికులనుగూడ అట్లు వేచియుండుడనుట న్యాయమా?

మేము కోరునది స్వేచ్ఛావిక్రయము గాదు, పరీక్ష మాత్రమే. ప్రభుత్వ వైద్యసంస్థలలో, అనుభవజ్ఞులైన మనోవైద్యుల పర్యవేక్షణలో, పోలీసుల అనుమానమునకు తావులేని అనుమతితో అది జరుగవలెను. ఒక జాగ్రత్త మాత్రము తప్పదు. సైనికుడు ఆజ్ఞకు అలవడినవాడు. పై యధికారి చెప్పినంతనే తల యూపును. అతని సమ్మతి నిజముగా అతనిదేనా యని సేనతో సంబంధములేనివారు విచారింపవలెను. వలదన్నచో అతని యుద్యోగమునకుగాని పింఛనునకుగాని హాని కలుగరాదు. ఫలితము మంచిదైనను చెడ్డదైనను ప్రజలయెదుట నుంచవలెను. దేశము కొఱకు నిద్ర పోగొట్టుకొన్నవానికి ఈపాటి విచారణయైనను మనము బాకీయున్నాము.