బాంకాకు చుట్టుపట్ల చిన్న ప్రయాణములు

థాయిలాండునకు విహారార్థము పోవు మనవారిలో పెక్కండ్రు, బాంకాకున విమానము దిగినది మొదలు మరల నెక్కువరకును, టూరు కంపెనీవారు చేతికిచ్చిన పట్టిక ననుసరించి పెద్ద పెద్ద బజారులను, పటాయా సముద్రతీరమును, రాత్రి ప్రదర్శనములను చూచి, దేశమంతయు చూచితిమను సంతృప్తితో నింటికి మరలుచుందురు. వారి సంతోషమునకు నేను అడ్డు చెప్పను. అయినను, ఆ మహానగరముననే బసచేసి, ప్రాతఃకాలమున రైలెక్కి ప్రొద్దుగ్రుంకులోపల గాని మరునాటికి గాని మరలిరాదగిన దూరమున, ఆ దేశపు పూర్వవైభవమును, దాని గడ్డపై జరిగిన ఘోరమును కనులార చూపగల తావులు కలవనియు, వానికి మూడవ తరగతి టిక్కెట్టు వెలయు కొంత తీరికయు చాలుననియు చెప్పుట కీ వ్యాసము.

ఆ మూడవ తరగతి పెట్టెను గూర్చి ముందుగా చెప్పవలయును. కిటికీలు తెరచియుండును, పైని పంకాలు తిరుగుచుండును, బౌద్ధభిక్షువులకు ప్రత్యేకించిన ఆసనములు కొన్ని యుండును. దారిలో అమ్మకపువారు గంపలతో నెక్కి, అన్నపు పొట్లములును, కోసిన పండ్లముక్కలును, మంచుగడ్డలు వేసిన తేనీరును అమ్ముచు, ఒక కొననుండి మరియొక కొనకు సాగిపోవుదురు. ఉదయము 8 గంటలకు స్టేషనులో జాతీయగీతము మ్రోగగానే ప్లాట్‌ఫారముపై నున్నవారందరు ఎక్కడివారక్కడ నిలిచిపోవుదురు. మనమును నిలుచుటయే మర్యాద.

ఇట్టి బండిలో ఉత్తరముగా దాదాపు 75 కిలోమీటర్లు పోయినచో అయుత్తయ వచ్చును. మన అయోధ్య పేరనే వెలసిన యీ నగరము 1350 ప్రాంతమున స్థాపితమై, నాలుగు శతాబ్దములకు పైగా, నాడు సయామనబడిన ఆ దేశమునకు రాజధానియై వర్ధిల్లి, 1767లో బర్మా సేనలచే దగ్ధమైనది. మూడు నదులు చుట్టివచ్చుటచే ద్వీపమైన ఆ స్థలమునకు, స్టేషను చెంతనున్న రేవున చిన్న పడవ నెక్కి దాటి, ఆవలి యొడ్డున సైకిలు నద్దెకు తీసికొనుట యుత్తమము. పటములో దగ్గరగా కనబడు శిథిలములే యెండలో నడచువానికి యోజనదూరములగును. మహాధాతు విహారమున, రావివేళ్ళ నడుమ చిక్కుకొనిన బుద్ధుని శిరస్సొకటి కలదు. దేహము కానరాదు, వేళ్ళు చెంపల నొరసికొనుచు ఇరుప్రక్కల పెనవేసికొని, అరమోడ్పు కన్నుల ముఖమును మాత్రము విడిచిపెట్టినవి. దానిప్రక్క ఫోటో తీయించుకొనగోరువారు, తమ తల బుద్ధుని తలకంటె ఎత్తున నుండకుండునట్లు నేలపై కూర్చుండవలెను. గుడి శిల్పముల భుజములపై చేతులు వేసి నిలుచు మన యాత్రికుల కిట్టి శిక్షణము కొంత యవసరమే.

తెలుగువాడు ఆ ఇటుకగోడల నడుమ మరియొక సంగతి తలచుకొనదగును. పదునేడవ శతాబ్దమున మచిలీపట్టణపు రేవున ఓడకెక్కిన అద్దకపు బట్టలు బంగాళాఖాతము దాటి మెర్గుయి రేవున దిగి, అచ్చటినుండి కొండదారుల నీ రాజధానికి చేరుచుండెను. సయాము ప్రభువుల యభిరుచికి తగిన చిత్తరువులతో ప్రత్యేకముగా కోరమండల తీరమున సిద్ధమైన వస్త్రము లవి. ఆ వర్తకమునందలి పోటీయే ముదిరి, 1680 దశకమున గోలకొండకును సయామునకును సముద్రముపై వైరము పొడమినది. ఇక తిరుగు బండి ఎక్కుటకు ముందు, ఆ యూర ముసల్మానులు అమ్ము రోటీ సాయ్ మాయ్ రుచి చూడవలెను: పలుచని రొట్టెలో, పీచుమిఠాయివంటి రంగురంగుల చక్కెరపోగులను చుట్టి యిత్తురు.

రెండునాళ్ళ తీరిక యున్నవారు పడమరగా కాంచనబురికి పోవలయును. దారిలో నకోన్ పథోము వద్ద సుమారు 120 మీటర్ల ఎత్తున నారింజవన్నె పెంకులతో మెరయు చైత్యము బండిలోనుండియే కనబడును. కాంచనబురిలో అందరును చూచునది క్వాయ్ నదిపై ఇనుప వంతెన. రెండవ ప్రపంచయుద్ధమున జపానువారు సయామునుండి బర్మాకు 415 కిలోమీటర్ల రైలుమార్గమును 1942–43లో వేయించిరి. ఆ పనిలో పన్నెండువేలకు పైగా మిత్రరాజ్యముల యుద్ధఖైదీలు మరణించిరి. వంతెనలో వంపుకమానులు నాటివి. బాంబుదాడిలో కూలిన భాగమున, యుద్ధానంతరము చదరపు కమానులు రెండు అమర్చిరి. ఊరిలోని శ్మశానవాటికలో దాదాపు ఏడువేల సమాధులు, ఒక్కొక్క ఫలకముపై పేరును వయస్సును చెక్కబడి, పచ్చికలో వరుసలు తీరియున్నవి. కాని ఆ మార్గమునకై ఖైదీలకంటె ఎన్నో రెట్లు అధికముగా చచ్చినవారు ఆసియా కూలీలు. వారి మరణములు తొంబదివేలని యొక యంచనా. మలయా రబ్బరుతోటలనుండి మాయమాటలచేతను బలవంతముచేతను కొనిపోబడిన వారిలో తమిళు లధికులు, మన తెలుగువారును కలరు. వారికి కలరాయు, మలేరియాయు, ఆకలియు తప్ప వేరు పరామరిక లేకపోయెను. పేరు చెక్కిన ఫలకమును లేదు. వంతెనపై ఫోటో తీసికొని వెంటనే మరలిపోవువారు ఈ సగము కథను వినకయే పోవుచున్నారు. అచ్చటినుండి నామ్ తోక్ వరకు సాగు బండి, వాంగ్ ఫో వద్ద కొండచరియ నంటి నిలిచిన కొయ్యకంబముల వంతెనపై మెల్లమెల్లగా దాటును. క్రింద నది, ప్రక్కన చేతికందు రాయి. మరునాడు ఏడంచెల ఎరవాన్ జలపాతమున స్నానముచేసి మనస్సును తేరుకొనవచ్చును.

మేక్లాంగు రైలుబజారును గూర్చి జనులు విశేషముగా చెప్పుదురు. పట్టాలపై కూరలు పేర్చి, బండి రాగానే గుడారపు గుడ్డలు లాగికొని, అది పోగానే మరల పరచుట వింతయే. ఇప్పుడు మాత్రము అచ్చట కూరలు కొనువారికంటె కెమెరాలు పట్టినవారే యెక్కువ. సముద్రము చూడగోరువారికి హువా హిన్ ప్రశాంతమైన తీరము. 1932 జూన్ 24న రాజు ప్రజాధిపోక్ అచ్చట గోల్ఫు ఆడుచుండగా, రాజధానిలో సంపూర్ణ రాచరికము అంతరించిన వార్త చేరినది.

నవంబరు మొదలు ఫిబ్రవరి వరకు ప్రయాణమున కనుకూలము. ఏప్రిలులో ఎండకు తాళలేరు. విహారములలో భుజములు, మోకాళ్ళు కప్పియుండవలెను. శాకాహారులు, కూరలో ముక్క లేకున్నను చేపల రసము పోయుదురని తెలిసికొని, పసుపు జెండాపై ఎఱ్ఱయక్షరముతో ‘జే’ అని గుర్తున్న అంగడినే వెదకుకొనవలయును. కాంచనబురి బండి బయలుదేరునది బాంకాకు నగరపు నదికి పడమటి యొడ్డునగల థోన్‌బురి స్టేషనునుండి. బాంకాకు పెద్ద స్టేషనులలో దానికై వెదకిన దొరకదు.