విస్తరికింత వైద్యం

పెళ్ళిముహూర్తం దగ్గరపడిందంటే ఆడపిల్ల తండ్రికి వంటల బెంగ పట్టుకుంటుంది. వంట చేయించడానికి రెండు పద్ధతులున్నాయి. సరుకులు మనమే తెప్పించి, వంటవాడు అడిగినన్ని నేతిడబ్బాలూ పప్పుబస్తాలూ అందిస్తూ పోవడం ఒకటి. "విస్తరికింత" అని గుత్తకిచ్చేసి నిశ్చింతగా కూర్చోవడం రెండోది. మొదటి పద్ధతిలో ఖర్చుకు అంతూ పొంతూ ఉండదు. రెండో పద్ధతిలో ఖర్చు ముందే తెలిసిపోతుంది. చివరి బంతిలో కూర్చున్న బంధువుల విస్తట్లో నెయ్యి పడిందో లేదో మాత్రం ఎవరైనా పోయి చూస్తేనే తెలుస్తుంది.

బీదసాదలకు వైద్యం చేయించే విషయంలో అమెరికాలోని రాష్ట్ర ప్రభుత్వాలు చాలావరకు ఈ గుత్త పద్ధతినే అవలంబిస్తున్నాయి. దానికి అక్కడి పేరు మేనేజ్డ్ కేర్. మన మాటల్లో "అజమాయిషీ వైద్యం" అనుకోవచ్చు.

ఎడారి రాష్ట్రం చూపిన దారి

1965 జూలై 30న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకంతో అమెరికాలో రెండు పథకాలు పుట్టాయి. వృద్ధుల కోసం మెడికేర్, బీదల కోసం మెడికెయిడ్. మెడికెయిడ్ ఖర్చును కేంద్రమూ రాష్ట్రాలూ పంచుకుంటాయి. నడిపించే బరువు మాత్రం రాష్ట్రాలది. మొదట్లో డాక్టరు ఏ పని చేస్తే ఆ పనికి బిల్లు పంపేవాడు, ప్రభుత్వం చెల్లించేది. నేతిడబ్బాల పద్ధతే నన్నమాట!

ఈ పథకంలో అందరికంటే ఆఖరున చేరిన రాష్ట్రం అరిజోనా. అంతవరకూ అక్కడి బీదల వైద్యం జిల్లాల వంటి కౌంటీల నెత్తిన ఉండేది. 1982 అక్టోబరులో చేరుతూనే ఆ రాష్ట్రం నేరుగా గుత్తలోకి దిగింది. మనిషికి నెలకు ఇంత అని ప్రయివేటు సంస్థలనుంచి టెండర్లు పిలిచింది. పథకం పేరులోని పొడి అక్షరాలను కలిపి "యాక్సెస్" అని పలుకుతారు. అందుబాటు అని అర్థం! పేరు పెట్టినంత సులువుగా పని సాగలేదు. పరిపాలన కూడా ఒక ప్రయివేటు కంపెనీకే అప్పగించి, చిక్కుల్లో పడి, 1984లో పగ్గాలు ప్రభుత్వమే తీసుకోవలసి వచ్చింది. ఆ తరువాత పథకం నిలదొక్కుకున్నది. 1997లో కేంద్రం చట్టం సడలించడంతో తక్కిన రాష్ట్రాలకూ దారి సుగమమైంది. 2022 నాటికి మెడికెయిడ్‌లో ఉన్నవారిలో నాలుగింట మూడు వంతుల మంది ఇటువంటి సంస్థల కిందికే వచ్చారు.

రోగి రాకపోయినా రొక్కం

దీని నడక ఇలా ఉంటుంది. అర్హత గల కుటుంబం ఒక కంపెనీని ఎంచుకోవాలి. ఎంచుకోకపోతే ప్రభుత్వమే ఒకదానికి అప్పగిస్తుంది. వైద్యానికి ఆ కంపెనీ జాబితాలోని డాక్టర్ల దగ్గరకే పోవాలి. ఖరీదైన పరీక్షలకూ, మందులకూ కంపెనీ ముందస్తు అనుమతి తరచు కావాలి. రోగి వచ్చినా, రాకపోయినా తలకింత చొప్పున ప్రభుత్వం ప్రతినెలా చెల్లిస్తూనే ఉంటుంది.

ఇందులో ఒక మంచి ఉన్నది. మనిషి ఆరోగ్యంగా ఉంటే కంపెనీకి మిగులు. కనుక పసిపిల్లకు టీకా సకాలంలో వేయించడం, గర్భిణిని తొలినెలల్లోనే డాక్టరుకు చూపించడం, చక్కెరవ్యాధి వారి కాలి పుండు ముదరకుండా చూడడం కంపెనీకీ లాభమే, రోగికీ లాభమే. అయితే వైద్యం చేయించకుండా ఆపినా కంపెనీకి మిగులే! మొత్తం చిక్కంతా ఇక్కడే ఉన్నది.

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని సామెత. అమెరికా కేంద్ర ఆరోగ్యశాఖలోని తనిఖీ విభాగం 37 రాష్ట్రాల్లోని 115 సంస్థల లెక్కలు తిరగవేసి 2023లో ఒక నివేదిక ప్రకటించింది. 2019లో ముందస్తు అనుమతి కోరిన అర్జీలలో ఎనిమిదింట ఒకటి తిరస్కరించారట! 12 సంస్థల్లోనయితే నాలుగింట ఒకటికి మించి తిరస్కరించారు. అప్పీలు చేసుకునే హక్కు ఉన్నా, దాన్ని వాడుకున్నవారు బహు కొద్దిమంది. మరీ విచారకరమైన సంగతేమంటే, తిరస్కరించింది న్యాయమా కాదా అని మచ్చుకు కొన్నింటినైనా క్రమంగా పరిశీలించే అలవాటు చాలా రాష్ట్రాలకు లేదు.

జబ్బుతో మంచం పట్టిన తల్లి, కూలికి పోయే కొడుకు. కాగితం వచ్చి "కుదరదు" అంటే వారు ఏ ఆఫీసు మెట్లెక్కుతారు? ఆ ఇంటిలోని మౌనం కంపెనీ లెక్కల్లో మిగులుగా కనిపిస్తుంది.

ప్రభుత్వాలు బొత్తిగా ఊరుకున్నాయనడానికి వీల్లేదు. నూటికి కనీసం 85 డాలర్లు వైద్యానికీ, వైద్యం మెరుగుపరచడానికీ పోయేలా రేట్లు కట్టాలని 2016లో కేంద్రం నిబంధన చేసింది. కనెక్టికట్ రాష్ట్రమయితే 2012లో ఈ గుత్తలే రద్దుచేసి, డాక్టర్లకు తానే చెల్లించే పాత పద్ధతికి మళ్ళింది.

మనకూ పరాయి కథ కాదు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు కుటుంబానికి ఇంత ప్రీమియం అని ప్రభుత్వం బీమా కంపెనీకి చెల్లించింది. తరువాత ట్రస్టు ద్వారా తానే చెల్లించే పద్ధతికి వచ్చింది. మన పథకం ముఖ్యంగా ఆస్పత్రి చికిత్సలకు, వారిది మామూలు జ్వరానికి కూడా. కాని ముందస్తు అనుమతి మనకూ ఉన్నది, జాబితాలోని ఆస్పత్రులూ ఉన్నాయి. అనుమతి కోసం వరండాలో కూర్చున్న మనిషి అక్కడయినా ఇక్కడయినా ఒకడే. ఆస్పత్రి గుమ్మంలో ఆరోగ్యమిత్ర బల్ల వేయడంలోని ఉద్దేశం, చదువురాని ఆ మనిషి తరఫున మాట్లాడడానికి ఒకరుండాలనే కదా.

గుత్తకివ్వడం తప్పు కాదు. ఖజానా అక్షయపాత్ర కాదు గనుక ఖర్చుకు ఒక హద్దు ఉండవలసిందే. అయితే డబ్బు కట్టడంతో పెళ్ళిపెద్ద పని పూర్తికాదు. పెళ్ళిపెద్ద పైపంచె నడుముకు చుట్టుకుని, ఆఖరి బంతి లేచేదాకా పంక్తి మధ్య తిరుగుతూ "ఇక్కడ నెయ్యి పడలేదు" అని కేకవేస్తుండాలి. ఆ కేక వేసే ప్రభుత్వం ఉన్నచోటే విస్తరికింత వైద్యం రోగికి కడుపు నింపుతుంది.