పది నుంచి డిప్లొమా దాకా: దారి ఎక్కడ తప్పుతోంది?

పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడల్లో కంపెనీ గేట్ల దగ్గర అతికించే కాగితాలను మనమంతా చూస్తూనే ఉంటాం. 'హెల్పర్లు కావలెను' అన్న కాగితంలో చదువు ఊసే ఉండదు. ఫిట్టర్, ఎలక్ట్రీషియన్ కావాలంటే ఐటీఐ అడుగుతారు. ట్రైనీ, సూపర్‌వైజర్ కావాలంటే డిప్లొమా అడుగుతారు. ఒకే గేటులోంచి లోపలికి వెళ్లే ఈ ముగ్గురి జీతాలు వేరు, పదేళ్ల తర్వాత వారు ఉండే స్థానాలు కూడా వేరు.

మా బడికి వచ్చే తల్లిదండ్రుల్లో చాలామందికి తెలిసింది మొదటి కాగితమే. "వాడు పది పాసయితే చాలు సార్, మా కాంట్రాక్టర్‌తో చెప్పి కంపెనీల పెట్టిస్త" అంటారు. పదో తరగతి చదువుకు చివరి మెట్టు కాదనీ, అక్కడి నుంచి మూడేళ్లలో డిప్లొమా చేతికి వస్తుందనీ చెబితే ఆశ్చర్యపోతారు. ఇన్నేళ్ల ఉపాధ్యాయ వృత్తిలో మేము గమనించింది ఒకటుంది. మన పిల్లలు మార్కులు రాక ఆగిపోయింది కొంతే. కాగితం సరిగా లేక, తేదీ దాటిపోయి, సమయానికి నాలుగు వేలు దొరక్క ఆగిపోయింది ఎక్కువ. ఆ దారిని మెట్టు మెట్టుగా దాతల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మొదటి మెట్టు: పేరు

పరీక్షలు మార్చిలో మొదలైనా, పదో తరగతి అసలు పని అంతకు కొన్ని నెలల ముందే నామినల్ రోల్‌తో మొదలవుతుంది. విద్యార్థి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ అందులో ఎలా రాస్తే మెమోలో అలాగే వస్తాయి. మన పిల్లల విషయంలో చిక్కంతా ఇక్కడే. ఆధార్‌లో 'మహ్మద్' అని పూర్తిగా ఉంటుంది, బడి రిజిస్టరులో 'ఎం.డి.' అని ఉంటుంది, జనన ధ్రువపత్రంలో ఆ మాటే ఉండదు. ఆడపిల్ల పేరు చివర ఒకచోట 'బేగం', ఇంకోచోట 'బీ'. షేక్ ఒకచోట ముందు, మరోచోట వెనుక. రాత తేడా ఉంటే తర్వాత స్కాలర్‌షిప్ దరఖాస్తు ఆగుతుంది, కౌన్సెలింగ్‌లో ప్రశ్నలు వస్తాయి. మెమో వచ్చాక సరిచేయించడం నెలల పని. తొమ్మిదో తరగతిలోనే కూర్చుని మూడు కాగితాలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే ఒక పూటలో తేలిపోతుంది.

రెండో మెట్టు: పాసు

పదో తరగతిలో ప్రస్తుతం ఆరు సబ్జెక్టులు. ప్రతి సబ్జెక్టులోనూ 35 శాతం రావాలి. రెగ్యులర్ విద్యార్థికి పరీక్ష ఫీజు ఇటీవలి సంవత్సరాల్లో 125 రూపాయలే. ఒక సబ్జెక్టు తప్పితే మొత్తం తప్పినట్టని చాలా ఇళ్లలో అనుకుంటారు. అది నిజం కాదు. పాసైన సబ్జెక్టులు పాసైనట్టే ఉంటాయి. తప్పినవాటికి మాత్రమే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష రాయాలి. అది జూన్‌లోనే జరుగుతుంది కాబట్టి ఏడాది పోదు. అయితే ఫలితాలు వచ్చాక ఫీజు కట్టడానికి ఉండే గడువు చాలా తక్కువ. ఇంట్లో అందరూ దిగులుగా ఉండే రోజులవి. అబ్బాయి సిగ్గుతో బడి వైపు రాడు. ఆ వారంలో ఎవరైనా ఇంటికి వెళ్లి చేయి పట్టుకుని తీసుకురావాలి.

ఎప్పుడో బడి మానేసినవారికి తెలంగాణ ఓపెన్ స్కూల్ ఉంది. 14 ఏళ్లు నిండినవారెవరైనా చేరవచ్చు, గరిష్ఠ వయోపరిమితి లేదు. ఉర్దూలోనూ చదవవచ్చు. సబ్జెక్టులను మనమే ఎంచుకోవచ్చు. జాగ్రత్తపడవలసింది కూడా అక్కడే. సులువని గణితం వదిలి వేరే సబ్జెక్టు తీసుకుంటే పది పాసవుతారు గానీ పాలిటెక్నిక్ తలుపు మూసుకుపోతుంది. ఆ ప్రవేశానికి పదిలో గణితం తప్పనిసరి. డిప్లొమా ఆలోచన ఉన్నవారు ఫారం నింపేటప్పుడే గణితం, సైన్స్ రెండూ ఉంచుకోవాలి.

మూడో మెట్టు: పాలిసెట్

ఇంజినీరింగ్ డిప్లొమాకు పాలిసెట్ రాయాలి. గణితానికి 60, భౌతికశాస్త్రానికి 30, రసాయనశాస్త్రానికి 30, మొత్తం 120 మార్కులు. ర్యాంకు రావడానికి కనీసం 30 శాతం, అంటే 36 మార్కులు కావాలి. తప్పు జవాబుకు మార్కులు కోయరు. సగం పేపరు గణితమే కనుక పదో తరగతి లెక్కలు బాగా చేసిన పిల్లవాడు భయపడనక్కరలేదు. దరఖాస్తు మాత్రం పది ఫలితాల కోసం ఆగకుండా ముందే వేయాలి. మెకానికల్, ఎలక్ట్రికల్, కెమికల్ శాఖలు మన పారిశ్రామికవాడకు దగ్గరి చదువులు. డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరే వీలుంది.

పాలిటెక్నిక్‌లో బోధన ఇంగ్లీషులో ఉంటుంది. ఉర్దూ మీడియం పిల్లలు మొదటి ఏడాది తడబడేది ఇందుకే. వారికి మరో దారి ఉంది. గచ్చిబౌలిలోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం పాలిటెక్నిక్‌లో డిప్లొమా ఉర్దూ మాధ్యమంలోనే చెబుతారు. పటాన్‌చెరు నుంచి రోజూ వెళ్లిరాగల దూరం. పదిలో ఉర్దూ మీడియంగానో, ఒక సబ్జెక్టుగానో చదివి ఉండాలి.

నాలుగో మెట్టు: ధ్రువపత్రాలు

కౌన్సెలింగ్‌లో నాలుగు నుంచి పదో తరగతి వరకు స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కులం, ఆదాయ ధ్రువపత్రాలు అడుగుతారు. 2007 చట్టం ప్రకారం ముస్లింలలో 14 వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ఉంది. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బిలోకి వస్తాయి. ఏ వర్గంలోనూ లేనివారు ఈడబ్ల్యూఎస్ ధ్రువపత్రం గురించి మీసేవలో అడగాలి. మైనారిటీ విద్యార్థుల ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షల రూపాయలు మించకూడదు. 75 శాతం హాజరు ఉండాలి.

ఈ మెట్టు దగ్గరే మా కళ్లముందు ఒక పిల్లవాడు జారిపోయాడు. ఒక ప్రైవేటు బడిలో చదివి పాలిసెట్‌లో మంచి ర్యాంకు తెచ్చుకున్నాడు. తండ్రి కాంట్రాక్టు కార్మికుడు. ఆ ఏడాది రెండు నెలలు పని దొరకలేదు. ఫీజు బకాయి ఉందని బడివారు టీసీ ఇవ్వలేదు. మాకు తెలిసి, నలుగురిని అడిగి డబ్బు పోగుచేసేసరికి మొదటి విడత కౌన్సెలింగ్ అయిపోయింది. రెండో విడతలో దగ్గర్లో కోరిన శాఖ దొరకలేదు. దూరం పంపే స్తోమత లేదు. ఆ అబ్బాయి హెల్పరుగా చేరాడు. మూడేళ్ల తర్వాత దారిలో కనిపించి, "సార్, ఇప్పుడు చేరొచ్చా?" అని అడిగాడు. పాలిసెట్‌కు గరిష్ఠ వయోపరిమితి లేదు, చేరవచ్చు అన్నాం. కానీ అప్పటికి ఇల్లు అతని జీతం మీదే నడుస్తోంది.

దాతలకు మా విన్నపం

మన సమాజంలో దానం ఎక్కువగా రంజాన్‌లో వస్తుంది. 2025లో రంజాన్ మార్చిలో వచ్చింది. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ పోతుంది. బడి క్యాలెండర్ అలా జరగదు. టీసీ బకాయి, కౌన్సెలింగ్ రుసుము, మొదటి టర్మ్ ఫీజు, పుస్తకాలు అన్నీ మే నుంచి జూలై మధ్యలోనే మీద పడతాయి. రంజాన్‌లో ఇచ్చినదాంట్లో కొంత ఆ మూడు నెలలకని విడిగా ఉంచమని కోరుతున్నాం. బకాయి డబ్బు నేరుగా బడికే కట్టి రసీదు తీసుకోవచ్చు.

ఫలితాలు వచ్చాక మొదటి ర్యాంకువారికి శాలువా కప్పి జ్ఞాపిక ఇవ్వడం మంచిదే. దానితోపాటు ఒక సబ్జెక్టు తప్పినవారి పట్టిక కూడా ఆ రోజే తెప్పించుకుందాం. ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సు ఉచితం. అందువల్ల దూరపు కాలేజీకి ఖర్చు అడ్డం కాదు, ఇంట్లో పెద్దలను ఒప్పించే మనిషి కావాలి. మగపిల్లలకు బస్‌పాస్ కావాలి.

డబ్బు ఇవ్వలేనివారు ఒక ఆదివారం ఇవ్వండి. చదువుకున్న యువకులు నలుగురు తొమ్మిదో తరగతి పిల్లల ఆధార్, జనన ధ్రువపత్రం, బడి రిజిస్టరు ముందేసుకుని పేర్లు సరిచూస్తే చాలు. మస్జిద్ దగ్గర ఒక బల్ల వేసుకుని చేయగల పని అది. వచ్చే నామినల్ రోల్‌కు ముందే మొదలుపెడదామని మా కోరిక.