జొన్నరొట్టె మరల మన ఇంటికి



ఉద్యోగ పరీక్షలకు చదవడానికి మీ పిల్లలు హైదరాబాదు వెళ్ళారా? చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో పగలంతా చదివి, సాయంత్రం అశోక్‌నగర్, నారాయణగూడ వైపు నడిస్తే, రోడ్డు ప్రక్కన పొయ్యి పెట్టుకొని జొన్నరొట్టెలు చేసే స్త్రీలు కనబడతారు. మన పిల్లలు అక్కడ కొనుక్కొని తినే ఆ రొట్టె ఒకనాడు మన ఇంటి వంటే కదా! సెలవులకు వచ్చిన బిడ్డ "అమ్మా, రొట్టె చేస్తావా?" అని అడిగితే, చేసి పెట్టగలవారు మనలో ఎందరు?

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక పేదల ఇంట అన్నం కుండ నిండింది. అది మేలే. అయితే జొన్న మాత్రం పేదవాని తిండి అనిపించుకొని వెనుకబడింది. యోహాను సువార్త ఆరవ అధ్యాయంలో చిన్నవాడు తెచ్చిన ఐదు రొట్టెలు యవల రొట్టెలే. అవి ఆ దినాలలో పేదల ఆహారం. ప్రభువు వాటిని చిన్నచూపు చూడలేదు. స్కాట్లండు ప్రజలు కూడా తమ ఓట్స్ రొట్టెను విడిచిపెట్టలేదు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. వాటిలో జొన్న కూడా ఉంది.

చేసే విధానం

గోధుమపిండిలో ఉండే జిగురు జొన్నపిండిలో లేదు. అందుకే మరిగే నీళ్ళు కావాలి. ఒకటిన్నర గ్లాసుల నీళ్ళు ఉప్పు వేసి మరిగించి, రెండు గ్లాసుల పిండి పోసి కలిపి, దించి మూత పెట్టండి. చేయి పట్టేంత వేడి ఉండగానే బాగా మర్దించండి. చాలకపోతే వేడినీళ్ళు చిలకరించండి. పీటపై పొడిపిండి చల్లి, ముద్దను గుండ్రంగా తిప్పుతూ అరచేతితో తట్టండి. పొడిపిండి అంటిన వైపు పైకి వచ్చేలా కాలిన పెనంపై వేసి, తడిగుడ్డతో పైన తుడవండి. తడి ఆరగానే తిరగవేయండి. చివరకు నిప్పులపై కాలిస్తే పొంగుతుంది. పాతబడిన పిండి విరిగిపోతుంది, చేదెక్కుతుంది. కనుక అప్పుడప్పుడు కొద్దికొద్దిగా పట్టించుకోండి.

షుగరు ఉన్నవారు జొన్న కదా అని మితిమీరి తినకూడదు.

మొదటి రొట్టెలు విరిగితే దిగులుపడవద్దు. కూతురికే కాదు, కుమారునికి కూడా నేర్పండి. పలుచగా తట్టి, సన్నని సెగపై తేమ పోయేదాకా కాలిస్తే కరకరలాడుతూ కొన్ని దినాలు నిలవ ఉంటాయి. బిడ్డ తిరిగి బస్సు ఎక్కేటప్పుడు నాలుగు రొట్టెలు గుడ్డలో చుట్టి ఇవ్వండి.